జాగ్రత్త ఎవరి వంతు?

డ్రైవరు: జాగ్రత్త గురించి ఎంత మాట్లాడుకున్నా చివరికి ఒక్క మనిషి దగ్గరికే వస్తుందమ్మా. చిల్లకల్లు దగ్గర హైదరాబాదు–బెజవాడ హైవే దాటేవాడి ప్రాణం ఆ క్షణంలో కలెక్టరు చేతిలో లేదు, టోలు వసూలు చేసేవాళ్ల చేతిలో లేదు. వాడి కళ్లలో, చెవుల్లో, కాళ్లలో ఉంది. ఆర్టీసీలో బస్సు నడిపినన్నాళ్లూ నేను పట్టుకున్న సూత్రం ఒకటే. ఎదుటివాడు తప్పు చేస్తాడనే అనుకోవాలి. సందులోంచి సైకిలు వస్తుందనే అనుకోవాలి. ముందు పోయే ట్రాక్టరు చెయ్యి చూపించకుండా తిరుగుతుందనే అనుకోవాలి. అలా అనుకున్నవాడే సాయంత్రానికి ఇంటికొస్తాడు.

నర్సు: మీరన్న ఆ క్షణాన్నే లెక్క వేద్దాం బాబాయ్. నాలుగు వరసల హైవే మీద కారుకు గంటకు 100 కిలోమీటర్ల దాకా వేగం ఇచ్చారు. అంటే సెకనుకు 28 మీటర్లు. మామూలు నడకతో ఒక పక్క రెండు వరసలూ దాటడానికి ఆరేడు సెకన్లు పడుతుంది. అంటే దాదాపు 200 మీటర్ల దూరంలో ఉన్న బండిని చూసి, అది ఎంత వేగంగా వస్తోందో అంచనా కట్టి, అడుగు వెయ్యాలా వద్దా తేల్చుకోవాలి. చీకటి పడ్డాక అక్కడ కనపడేవి రెండు లైట్లే. మోకాళ్ల నొప్పులతో, నెత్తిన గడ్డిమోపుతో నిలబడ్డ పెద్దావిడ అజాగ్రత్తగా ఉందని ఎలా అంటాం? ఆమెకు మనం అప్పజెప్పిన పనే మనిషి కంటికి మించినది.

డ్రైవరు: అందుకే సగం దాటి డివైడరు దగ్గర ఆగమంటాం. రెండో సగం మళ్లీ చూసుకొని దాటాలి. ఇంకో మాట ఊరూరా చెప్పాలి. బస్సు దిగినవాళ్లు బస్సు ముందు నుంచి రోడ్డు దాటొద్దు. బస్సు అడ్డంగా ఉంటే వెనక నుంచి వచ్చే బండికి నువ్వు కనపడవు, నీకు ఆ బండి కనపడదు. బస్సు వెళ్లిపోయేదాకా ఆగు, తర్వాత దాటు. ఆగేది అర నిమిషం. దీనికి ప్రభుత్వం రానక్కర్లేదు, పైసా ఖర్చు లేదు.

నర్సు: మంచి మాటే, కాదనను. కానీ ఆ బస్సు ఎక్కడ ఆగుతోంది? హైవే అంచునే ఆగుతోంది. మల్కాపురం నుంచి నందిగామ దాకా 181 కిలోమీటర్లు నాలుగు వరసలు చేసి 2012 చివర్లో టోలు మొదలుపెట్టారు. హైదరాబాదు నుంచి బెజవాడ పోయేవాళ్లకు ప్రయాణం తగ్గింది. ఇళ్లు ఒక పక్కన, చేను రెండో పక్కన ఉన్నవాళ్లకు రోజుకు రెండుసార్లు ప్రాణాపాయం పెరిగింది. ఆ రోడ్డు వేసేటప్పుడే వాళ్లు గేదెలతో దాటాలని, పిల్లలు బడికి దాటాలని అందరికీ తెలుసు. తెలిసి వేసిన రోడ్డు మీద ఇప్పుడు నేను వాళ్లకు మాత్రం జాగ్రత్త చెప్పాలా?

డ్రైవరు: చెప్పాలి. తప్పు ఎవరిదైనా దెబ్బ తగిలేది వాళ్లకు కాబట్టి చెప్పాలి. నీకింకో సంగతి చెప్తాను. రెండు వరసల పాత రోడ్డప్పుడు గుంతలకు భయపడి ఎవడి హద్దులో వాడు పోయేవాడు. రోడ్డు నున్నగా అయ్యేసరికి యాక్సిలరేటరు మీద కాలు బరువెక్కింది. నువ్వు ఎంత మంచి రోడ్డు వేసినా, ఆ మంచిని వేగంగా మార్చుకునే గుణం మనిషిలో ఉంది. ఆ గుణాన్ని ఏ ఇంజనీరు సరిచేస్తాడు?

నర్సు: ఆ మాట అమెరికాలో పెల్ట్‌జ్‌మన్ అనే ఆర్థికవేత్త 1975లోనే అన్నాడు. కార్లలో భద్రత పెంచితే నడిపేవాడు మరింత తెగిస్తాడని. అది ఎంతవరకు నిజమనేది ఈనాటికీ తగువే. కానీ ఆ గుణం ఉందని ముందే తెలిసినప్పుడు, దానికి తగ్గట్టు రోడ్డు కట్టాలి కదా! ఊరు వచ్చేసరికి వేగం దానంతటదే తగ్గేలా కట్టొచ్చు. కింద నుంచి దారి ఇవ్వొచ్చు. స్వీడన్ పార్లమెంటు 1997లో ఒక విధానం ఒప్పుకుంది. మనిషి తప్పు చెయ్యక మానడు, ఆ తప్పుకు చావు శిక్ష కాకూడదు, రోడ్డు కట్టేవాడు దాన్ని లెక్కలో పెట్టుకొని కట్టాలి, ఇదీ దాని సారం. అక్కడి మనుషులు మనకంటే బుద్ధిమంతులని కాదు ఆ విధానం పెట్టింది. మనలాంటివాళ్లేనని పెట్టింది.

డ్రైవరు: ఆ దేశంలో కూడా బెల్టు పెట్టుకునేది మనిషేనమ్మా.

నర్సు: ఒప్పుకుంటాను. ఒప్పుకోక తప్పదు కూడా. హెల్మెట్ పెట్టుకుంటే చావు ముప్పు 42 శాతం, తలకు గాయమయ్యే ముప్పు 69 శాతం తగ్గుతాయని ఎన్నో పరిశోధనలను కలిపి చూసి తేల్చారు. మా దగ్గరికి తల పగిలి వచ్చినవాళ్ల బండికే హెల్మెట్ వేలాడుతూ ఉంటుంది. కొందరు పెట్టుకుంటారు, పట్టీ బిగించరు. పడగానే అది ముందే ఎగిరిపోతుంది. అలాంటివాడి తల్లికి ఎదురుగా నిలబడి రోడ్డు తప్పు అని చెప్పడానికి నాకు నోరు రాదు. ఇక్కడ మీ వాదమే గెలుస్తుంది.

డ్రైవరు: గెలవడం కోసం కాదు. సరే, నువ్వొకటి ఒప్పుకున్నావు కాబట్టి నేనూ ఒకటి ఒప్పుకుంటాను. 2017 ఫిబ్రవరి 28న ముళ్లపాడు దగ్గర, భువనేశ్వర్ నుంచి హైదరాబాదు పోయే ప్రైవేటు బస్సు డివైడరును గుద్ది రెండు వంతెనల మధ్య ఖాళీలో పడింది. పదిమంది దాకా పోయారు. తెల్లవారే వేళకు బస్సులో సీటులో ఉన్నవాళ్లు ఏం జాగ్రత్త తీసుకోగలరు? టిక్కెట్టు కొనడంతోటే వాళ్ల జాగ్రత్త అంతా వేరొకరి చేతిలో పెట్టేశారు.

నర్సు: నేను అడగబోయింది అదే. రెండు వంతెనల మధ్య అంత ఖాళీని గట్టి అడ్డు లేకుండా ఎందుకు వదిలారని.

డ్రైవరు: దాంతోపాటు స్టీరింగు పట్టుకున్నవాడి గురించి కూడా అడగాలి. ఆ బస్సు సంగతని కాదు, రాత్రి బండ్లన్నిటి సంగతి చెప్తున్నాను. తెల్లవారుజామున మూడు నుంచి ఆరు మధ్య వచ్చే నిద్ర మామూలు నిద్ర కాదు. కళ్లు తెరిచే ఉంటాయి, చెయ్యి స్టీరింగు మీదే ఉంటుంది, మనిషి మాత్రం ఉండడు. అది వచ్చినట్టు తనకే తెలియదు. మనసు గట్టి చేసుకుంటే నిద్ర ఆగుతుందని చెప్పేవాడు రాత్రి బండి నడపనివాడు. టీ తాగినా, మొహం కడుక్కున్నా అది వెనక్కి జరుగుతుందే గాని పోదు. బండి పక్కకు తీసి పడుకోవడం ఒక్కటే మందు. కానీ పక్కకు తీసి పడుకుంటే ఓనరు ఊరుకోడు.

నర్సు: మోటారు రవాణా కార్మికుల చట్టం 1961లోనే వచ్చింది. మామూలుగా రోజుకు ఎనిమిది గంటలకు మించి పని చేయించకూడదని అందులోనే రాశారు. చట్టం వచ్చి అరవై ఏళ్లు దాటినా అదే డ్రైవరు, అదే నిద్ర. ఇందాక మీరు ఆ మనిషి కళ్లలో, చెవుల్లో ఉందన్న జాగ్రత్త పన్నెండో గంటకు మిగలదు బాబాయ్. అది పొద్దున్న నిండుగా ఉండి సాయంత్రానికి అయిపోయేది. అయిపోయినప్పుడు కాపాడేది పక్కన ఉన్న ఇనుప కంచె, రెండో డ్రైవరు, ఆగిపొమ్మని చెప్పే నిబంధన.

డ్రైవరు: నువ్వు చెప్పింది క్షణంలో పడే జాగ్రత్త గురించి. దాన్ని నమ్ముకుంటే నిజంగానే మోసపోతాం. నేను చెప్పేది ఇంకో రకం. మన ఏరు మున్నేరునే చూడు. 2023 జూలై చివర ఐతవరం దగ్గర హైవే మీదికే నీళ్లొచ్చాయి. పోలీసులు రాకపోకలు ఆపేశారు, బస్సులు చుట్టుదారి పట్టాయి. హైవే మీద ఆపేవాడు ఉన్నాడు. లోపలి రోడ్ల మీద చప్టాల దగ్గర ఎవడున్నాడు? అక్కడికి వచ్చినవాడు ఏం చేస్తాడో తెలుసా? ఇల్లు రెండు కిలోమీటర్లలో కనపడుతుంటుంది. చుట్టు తిరిగితే ఇరవై. ఎదుటి ఒడ్డు నుంచి ఇద్దరు రమ్మని చేతులూపుతుంటారు. ముందు ఒకడు దాటిపోయి ఉంటాడు. నీళ్లు మోకాలి కిందకే ఉన్నట్టుంటాయి. ఇక బుర్ర లెక్కలు మొదలుపెడుతుంది, ఆ లెక్కలన్నీ ఇంటి వైపే తేలతాయి. అందుకే నిర్ణయం ఇంట్లో తీసుకోవాలి, వాగు ఒడ్డున కాదు. చప్టా మీద నీళ్లు పారుతుంటే బండి దించను. ఎంత లోతు అని చూడను. దాన్ని మళ్లీ ఆలోచించను. అలా ముందే తీర్మానం చేసుకున్నవాడికి అలిసిపోయినా, చీకటి పడినా ఏమీ కాదు.

నర్సు: ఇది మీరు ఇంతకుముందు చెప్పినదాని కంటే చాలా పెద్ద మాట. పారే నీళ్లు ఆరు అంగుళాలుంటే మనిషి కాళ్లు నిలవవు. అడుగు లోతుంటే చాలా కార్లను లాక్కుపోతాయి. కంటికి అది తెలియదు, కాబట్టి కంటిని అడగకూడదన్న మీ మాట నిజం. మేమూ అదే చేస్తాం. 2008లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆపరేషన్లకు ఒక చెక్‌లిస్టు ఇచ్చింది. మత్తు ఇచ్చే ముందు, కోత పెట్టే ముందు, రోగి బయటికి వెళ్లే ముందు అడగాల్సినవన్నీ అందులో ఉంటాయి. రోగి పేరు మనకు తెలిసినా అడగాలి. ఏ వైపు ఆపరేషనో తెలిసినా అడగాలి. ఎంత అనుభవం ఉన్న డాక్టరైనా సరే. కానీ ఒకటి గమనించండి. ఆ కాగితం ఎవరికి వారు ఇంట్లో రాసుకున్నది కాదు. ఆస్పత్రి చేతికిచ్చింది, పాటించకపోతే అడిగేవాడున్నాడు. మీ చప్టా తీర్మానం ఎవరి చేతికీ ఎవరూ ఇవ్వలేదు.

డ్రైవరు: ఊరే ఇస్తుంది. మున్నేటి ఒడ్డున పుట్టినవాడికి తెలుసు, ఇక్కడ చినుకు లేకపోయినా పైన వరంగల్లు, ఖమ్మం వైపు వాన కొడితే ఏరు వస్తుందని. వైరా, కట్టలేరు కూడా వచ్చి కలుస్తాయని. ఎండ కాస్తుండగా వచ్చే వరద అది. మబ్బు చూసి కాదు, ఖమ్మంలో మున్నేరు ఎంత ఉందో కనుక్కొని పశువుల్ని తోలుకురావాలని పెద్దవాళ్లకు తెలుసు.

నర్సు: ఒడిశా నుంచి వచ్చే లారీ డ్రైవరుకు తెలుసా? పదేళ్లుగా హైదరాబాదులో ఉండి పండక్కి వచ్చిన పిల్లలకు తెలుసా? 2022 జనవరిలో సంక్రాంతి సెలవులకు చందర్లపాడు మండలం ఏటూరులో అయిదుగురు పిల్లలు మున్నేట్లో ఈతకు దిగి చనిపోయారు. మున్నేరు కృష్ణలో కలిసేది అక్కడే. పిల్లలు నీళ్లలో దిగుతారు బాబాయ్, పిల్లలంటేనే అంత. ఇసుక తీసే ఏట్లో పోయినేడు మోకాలి లోతున్న చోట ఈ ఏడు నిలువు లోతు ఉంటుంది. ఊరి పెద్దల జ్ఞానం పాత ఏటి గురించి. ఏరే మారిపోతుంటే ఆ జ్ఞానం పిల్లల్ని కాపాడలేదు, పైగా ధైర్యం ఇచ్చి దింపుతుంది.

డ్రైవరు: ఆ పిల్లల సంగతి మాట్లాడాలంటే నాకు గొంతు పెగలదు. ఈత నేర్పాలి, పెద్దవాళ్లెవరో ఒకరు ఒడ్డున ఉండాలి అనేవి తప్ప నేను చెప్పగలిగింది లేదు. కానీ నువ్వన్న ఇసుక దగ్గరికే వస్తాను. 2021 ఆగస్టులో కంచికచర్ల మండలం చెవిటికల్లు దగ్గర ఇసుకకు కృష్ణలో దిగిన లారీలు 132, వరదకు చుట్టూ నీళ్లొచ్చి చిక్కుకుపోయాయి. మనుషుల్ని పడవల మీద తీసుకొచ్చారు. నదిలోపలికి బండి దించేటప్పుడు పైన డ్యాము గేట్లు ఎత్తుతున్నారా అని ఒక్కడైనా ఫోను చేసి అడగొచ్చు కదా!

నర్సు: ఒక్కడు కాదు, అంతమంది అడగలేదంటే అది ఒక్కొక్కరి నిర్లక్ష్యం కాదని మీకు తోచడం లేదా? ఒకడు మరిచిపోతే మరిచిపోయాడంటాం. వందమందికి పైగా ఒకేసారి మరిచిపోతే, వాళ్లకు కబురు చెప్పాల్సిన దారి తెగిందన్నమాట. ఐతవరం కూడా అంతే. 2023లో రోడ్డు మునిగింది. ఏడాది తిరిగాక, 2024 సెప్టెంబరు 1న అదే చోట మళ్లీ మునిగింది. మొదటిసారిది వాన తప్పు అందాం. రెండోసారి దాన్ని వాన మీదే వెయ్యడానికి నేను ఒప్పుకోను.

డ్రైవరు: వెయ్యొద్దు. అడుగు. కానీ రోడ్డు ఎత్తు పెంచడానికి టెండరు పిలిచి, డబ్బు వచ్చి, పని అయ్యేలోపు ఎన్ని వానాకాలాలు పోతాయి? ఆ వానాకాలాలన్నీ మనుషులు బతకాలి. నా వాదమంతా ఈ మధ్య కాలం గురించేనమ్మా.

నర్సు: మధ్య కాలం అని మొదలుపెట్టిందే శాశ్వతం అవుతోంది. నాకున్న భయం అదే. ఆడపిల్లల సంగతి చూడండి. వత్సవాయి నుంచో, వీరులపాడు నుంచో నందిగామ కాలేజీకి వచ్చే పిల్లకు ఇంట్లో ఏం చెప్తారు? చీకటి పడకముందే వచ్చెయ్యి. ఒంటరిగా నడవకు. ఫోను చార్జింగు చూసుకో. అన్నీ మంచి మాటలే. కానీ సాయంత్రం ల్యాబు ఉన్న కోర్సు వద్దంటారు. కంప్యూటరు శిక్షణ వద్దంటారు. పరీక్షలప్పుడు లైబ్రరీ వద్దంటారు. ఆ పిల్ల జాగ్రత్తకు అయిన ఖరీదు ఎవరూ ఎక్కడా రాయరు. బస్టాపులో ఒక లైటు, ఏడున్నరకు ఒక బస్సు ఉంటే ఆ ఖరీదు ఆమె కట్టనక్కర్లేదు. లైటు అడగడం మానేసి పిల్లనే వెలుతురుండగా రమ్మన్నాం.

డ్రైవరు: నా మనవరాలికి నేనూ అదే చెప్పాను.

నర్సు: నా కూతురికి నేనూ అదే చెప్తాను బాబాయ్. చెప్తూనే ఇది అన్యాయమని తెలుస్తూ ఉంటుంది. ఆపద వస్తే 112 కొట్టమని కూడా చెప్తాను. ఆ నంబరు ఆపద వచ్చాక పనికొస్తుంది. రాకముందు పనికొచ్చేది ఆ లైటు.

డ్రైవరు: సరే, లైటూ బస్సూ లేని చోటుకు వద్దాం. ఫోను. పోలీసులమని వీడియో కాల్ చేసి, డిజిటల్ అరెస్టు చేశామని బెదిరించి రిటైరైనవాళ్ల డబ్బంతా ఊడ్చేస్తున్నారు. అక్కడ ఏ రోడ్డుందని బాగుచెయ్యడానికి? ఫోను పెట్టెయ్యడం ఒక్కటే రక్ష. అలాంటి అరెస్టు ఏ చట్టంలోనూ లేదని తెలిసి ఉండడం ఒక్కటే రక్ష.

నర్సు: అక్కడ మీదే పైచెయ్యి, చాలావరకు. డబ్బు పోయిన వెంటనే 1930కి ఫోను చెయ్యాలన్నది కూడా మనిషి గుర్తుపెట్టుకోవాల్సిందే. అయినా ఒక ముసలాయన ఖాతాలోంచి జన్మలో ఎన్నడూ లేనంత మొత్తం ఒక్క పూటలో పోతుంటే బ్యాంకు ఒక రోజు ఆపి అడిగితే తప్పేముంది?

డ్రైవరు: అడిగితే మంచిదే. ఇప్పుడు నన్ను బాగా బాధపెట్టే సంగతి చెప్తాను. 2020 జూన్ 17. వేదాద్రి నరసింహస్వామి దర్శనం చేసుకొని తిరిగి వెళ్తున్న ట్రాక్టరును లారీ గుద్దింది. పన్నెండుమంది చనిపోయారు. చాలామంది ఖమ్మం జిల్లా నుంచి వచ్చినవాళ్లు. ట్రాక్టరు ట్రక్కులో మనుషుల్ని ఎక్కించకూడదని చట్టంలోనే ఉంది. ట్రక్కుకు పట్టుకోవడానికి ఏమీ ఉండదు, గుద్దితే మనిషి గాల్లోకి లేస్తాడు. మా మెట్టలో పెళ్లికి, మొక్కుకు, మిరప కోతలకు అందరం ట్రాక్టరే ఎక్కుతాం. అది మానితే ఎన్ని ప్రాణాలు నిలుస్తాయో.

నర్సు: అప్పుడు రెండు రాష్ట్రాల మధ్య ఆర్టీసీ బస్సులే తిరగడం లేదు బాబాయ్. కరోనాకు ఆగినవి ఆ ఏడు నవంబరులో మళ్లీ మొదలయ్యాయి. అంతమంది కుటుంబం కార్లు మాట్లాడుకోవాలంటే ఎంతవుతుంది? మిరప కోతల కాలంలో తెల్లారకముందే ఆటోలు చూడండి. నలుగురు కూర్చోవాల్సినదానిలో పది పన్నెండు మంది. అందరూ ఆడవాళ్లే. ఒక్కొక్కరిని అడగండి, ఇది ప్రమాదమని తెలియదా అని. అందరికీ తెలుసు. నలుగురే ఎక్కితే చార్జీ కూలిలో ఎంత భాగం పోతుందో కూడా తెలుసు. ప్రమాదం తెలియనివాడికి అవగాహన చెప్పాలి. తెలిసీ ఎక్కేవాడికి అవగాహన చెప్పడం అవమానించడం.

డ్రైవరు: ఆ మాటకు నా దగ్గర సమాధానం లేదు. జాగ్రత్త పడడానికి కూడా చేతిలో ఎంతోకొంత ఉండాలి. అది నేను ఒప్పుకుంటాను. అయినా ఆ ఆటో డ్రైవరు తాగకుండా ఉండొచ్చు. హైవే ఎక్కకుండా సర్వీసు రోడ్డున పోవచ్చు. పక్కన వేలాడేవాళ్లను లోపలికి జరగమనొచ్చు. పేదవాడి చేతిలో ఉన్న కాస్త జాగ్రత్తను కూడా, నీ చేతిలో ఏమీ లేదులే అని లాక్కోకూడదు.

నర్సు: లాక్కోను. కానీ దాన్ని చూపించి పెద్దవాళ్లు తప్పించుకోనివ్వను. 2024 జూలైలో బూదవాడ సిమెంటు ఫ్యాక్టరీలో ప్రీహీటరు దగ్గర పేలుడు జరిగి పదిమందికి పైగా ఒళ్లు కాలింది. నెత్తిన టోపీ, కాళ్లకు బూట్లు ఉన్నా అంత వేడి పదార్థం మీద పడితే కూలివాడి జాగ్రత్త ఏం చేస్తుంది? రోడ్డు చట్టంలో కూడా చూడండి. 2019 సవరణలో హెల్మెట్ లేకపోతే వెయ్యి రూపాయలు అన్నారు. అదే సవరణలో 198ఎ అని ఇంకో సెక్షను ఉంది. రోడ్డు డిజైనులోనో నిర్వహణలోనో లోపం వల్ల మనిషి పోతే, ఆ అధికారికీ కాంట్రాక్టరుకూ లక్ష దాకా జరిమానా వెయ్యొచ్చు. వెయ్యి కట్టినవాళ్లు ప్రతి ఊళ్లో ఉన్నారు. లక్ష కట్టినవాడి పేరు మీరెప్పుడైనా విన్నారా?

డ్రైవరు: వినలేదు.

నర్సు: దేశం మొత్తం మీద 2022లో 1,68,491 మంది రోడ్ల మీద చనిపోయారు. కేసుల్లో అతివేగంగా, అజాగ్రత్తగా అనే మాటే కనపడుతుంది. ప్రతిసారీ ఒక మనిషి దొరుకుతాడు. రోడ్డు మాత్రం దొరకదు.

డ్రైవరు: దొరకాలి. నేను వద్దనడం లేదు. పెనుగంచిప్రోలు తిరుపతమ్మ తిరునాళ్లకు జనం రాత్రుళ్లు నడిచొస్తారు, ఎడ్లబండ్లు కట్టుకొని వస్తారు. అప్పటికి ఒక పక్క వరస మూసి, లైట్లు పెట్టించమని నువ్వు అర్జీ రాయి, నేనూ సంతకం పెడతాను. కానీ దానికి జవాబు వచ్చేలోపు నడిచేవాళ్లకు ఏం చెప్తావు?

నర్సు: ఎదురొచ్చే బండ్లు కనపడేలా కుడిపక్కన నడవమని చెప్తాను. బండి వెనక రేడియం స్టిక్కరు అంటించమని చెప్తాను. మీరు చెప్పేవే చెప్తాను. దెబ్బ తగిలినవాణ్ని ఆస్పత్రికి తెస్తే పోలీసులు మిమ్మల్ని కేసులో ఇరికించకూడదని, చట్టంలో ఆ రక్షణ ఉందని కూడా చెప్తాను. ఎవరికైనా ఏదైనా జరిగితే, ముందే చెప్పాం కదా అని ఏ ఆఫీసరూ అనకుండా చూడడం కూడా నా పనే అనుకుంటాను. రిపోర్టులో నడిచేవాడి నిర్లక్ష్యం అని రాసే ముందు, అక్కడ లైటు వెలుగుతోందా లేదా రాయమంటాను.

డ్రైవరు: అది రాస్తే బండి నడిపినవాడు ఎన్ని గంటల నుంచి నిద్ర లేకుండా ఉన్నాడో కూడా రాయాలి.

నర్సు: రాయాలి.

డ్రైవరు: హెల్మెట్ పట్టీ బిగించి ఉందో లేదో కూడా.

నర్సు: అదీ రాయాలి బాబాయ్. మొదటి గడిలో ఏం రాస్తారన్న దగ్గరే మనకు తగువు. నేనైతే రోడ్డుతో మొదలుపెడతాను.

డ్రైవరు: నేను మనిషితోనే మొదలుపెడతానమ్మా. రోడ్డు ఇవాళ రాత్రికి మారదు, మనిషి మారగలడు.